మీ అన్న మోటర్

కోతకాలపు కృతజ్ఞత పండుగకు ఇంటికొకటి చొప్పున ఏదైనా తెచ్చి చర్చిలో పెట్టడం, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేయడం మందమర్రిలో ప్రేమమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి చూస్తున్నదే. ఒకరు గుమ్మడికాయ తెస్తారు. ఒకరు కోడిపుంజును కాళ్లు కట్టి తెస్తారు. పొలం ఉన్నవాళ్లు వడ్ల మూట దించుతారు. ఆ యేడు ప్రేమమ్మ, చనిపోయిన తన భర్త ఆశీర్వాదం తాలూకు పడవ మోటారును ఇస్తానని పాస్టరు గారికి చెప్పేసింది. పాస్టరు గారు మెత్తని మనిషి. "చాలా మంచిదమ్మా" అన్నాడే గాని, బొగ్గుబావుల ఊళ్లో పడవ మోటారును ఎవరు పాడుకుంటారో ఆయనకు అంతుపట్టలేదు.

అసలు ఆ మోటారు ఇంటికి వచ్చిన తీరే వింత. ఆశీర్వాదం గనిలో పంపు నడిపేవాడు. భూమి లోపల ఊరే నీళ్లను పైకి తోడిపోయడమే ఆయన పని కాబట్టి నీళ్లంటే ఆయనకు పగా ప్రేమా రెండూ ఉండేవి. ఒకసారి పాత సామాన్ల వేలంలో తోటివాళ్లంతా బీరువాలూ కుర్చీలూ పాడుకుని తెచ్చుకుంటే, ఆయన రిక్షాలో ఈ మోటారును పడుకోబెట్టుకుని వచ్చాడు. ఎప్పుడో వరదలప్పుడు జనాన్ని దాటించడానికి తెప్పించిన పడవకు వెనక బిగించేదట. పడవ తుప్పుపట్టి ఎటో పోయింది, మోటారు మిగిలింది. తలుపులకు వేయగా మిగిలిన నీలం రంగును దానికి శ్రద్ధగా పూసి, పెరట్లో రేకుల కింద నిలబెట్టాడు.

"లోకమంత ఆవును కొని తోకను చూస్తరు. మా ఇంటాయన తోకను కొన్నడు, ఇగ ఆవును దేవులాడుతుండు" అని ప్రేమమ్మ వాడకట్టంతా చెప్పి నవ్వించింది.

ఆవు దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది. ఎల్లంపల్లి దగ్గర గోదావరికి అడ్డంగా ప్రాజెక్టు వచ్చి, వెనకాల కనుచూపు మేర నీళ్లు నిలిచాక, అక్కడ చేపలు పట్టే రాములుతో ఆశీర్వాదానికి స్నేహం కుదిరింది. రాములుకు పడవ ఉంది, ఈయనకు మోటారు ఉంది. రిటైరయ్యాక శనివారం వస్తే చాలు, మోటారును ఆటోలో వేసుకుని రేవుకు పోయేవాడు. పోయేటప్పుడు ఇద్దరూ మోటారు మీద పోయేవాళ్లు, వచ్చేటప్పుడు తెడ్లు వేసుకుంటూ వచ్చేవాళ్లు. అరచేతుల నిండా బొబ్బలతో ఇల్లు చేరి, "ఇయ్యాల మస్తు నడిచిందే" అనేవాడు.

"ఏది, మోటరా, చేతులా?" అని ప్రేమమ్మ అడిగేది.

"ఒక్కసారి నువ్వు గూడ రారాదు."

"నాకు తెడ్లేసుడు రాదు" అని ఆమె లోపలికి పోయేది.

ముందటేడు వానాకాలంలో ఆయన గుండె ఆగిపోయింది. మోటారు పాత దుప్పటి కప్పుకుని రేకుల కిందే ఉండిపోయింది.

పండుగ నెల రోజులుందనగా కాగజ్‌నగర్ నుంచి ఆడబిడ్డ క్యాథరిన్ వచ్చింది. ఆశీర్వాదానికి ఒక్కతే చెల్లెలు, ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "డ్యూటీ ఉండె" అని ఒక్క మాటతో సరిపెట్టేది. మోటారు సంగతి వినగానే కళ్లద్దాలు పైకి తోసుకుంది.

"నడవనిదాన్ని దేవునికిస్తవా వదినె?"

"మీ అన్న నాకు ఇడిసిపోలే? నేను ఓర్సుకోలే? దేవుడు నాకంటె ఓపికమంతుడు."

"దేవుడు ఓపికమంతుడే. పాడుకున్నోడు గాదు. చర్చి ముంగట తాడు గుంజి గుంజి, ఆశీర్వాదం పెండ్లాం అందరిని ముంచిందంటడు."

"అయితె నువ్వే బాగుచెయ్యి. మీ అన్న మోటరేనాయె."

"నీ మొగని మోటర్" అంది క్యాథరిన్.

వదినా ఆడబిడ్డల మధ్య ఇది ఏనాటి నుంచో ఉన్న పద్ధతి. ఆశీర్వాదం ఏదైనా మంచి పని చేస్తే ఈమెకు ‘మా ఇంటాయన’, ఆమెకు ‘మా అన్న’. ఏదైనా తేడా చేస్తే ఈమెకు ‘మీ అన్న’, ఆమెకు ‘నీ మొగడు’. మోటారు మాట వచ్చినప్పుడల్లా పాపం ఆయన రెండో రకంలోనే పడేవాడు.

మర్నాడు పొద్దున్నే దుప్పటి తీశారు. ఆశీర్వాదం ఎప్పుడూ చేసినట్టే నీలం డ్రమ్ము నిండా నీళ్లు నింపి, దాని పక్కన పాతిన దుంగకు మోటారును బిగించారు. మధ్యలో బరువు ఆపలేక రెండుసార్లు దించి, నడుములు పట్టుకుని, ఒకరి వయసు ఒకరికి గుర్తుచేసుకున్నారు. కింది రెక్క నీళ్లలో మునిగి ఉండాలని, లేకపోతే మోటారు వేడెక్కి పాడవుతుందని ఆయన చెప్తుంటే ప్రేమమ్మ ఇష్టం లేకపోయినా ఎన్నోసార్లు విని ఉంది. చోక్ పిడి బయటికి లాగితే గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ పోతుందనీ, చల్లటి మోటారు లేవడానికి అది కావాలనీ కూడా విని ఉంది. కాబట్టి చోక్ ప్రేమమ్మ వంతు. పైచక్రానికి చుట్టిన తాడు గుంజి మోటారును లేపడం క్యాథరిన్ వంతు.

క్యాథరిన్ గుంజింది. మోటారు పలకలేదు. మళ్లీ గుంజింది. లోపల ఎక్కడో దగ్గింది.

"బతికే ఉంది" అంది క్యాథరిన్.

"మీ అన్న గుంజితె గింత సతాయించకపోయేది."

"నిజంగనా?"

"ఇంకింత సతాయించేది."

భుజం పట్టేసే వేళకు అది లేచింది. పెరడంతా నీలం పొగ కమ్మింది. డ్రమ్ములో నీళ్లు ఎగిరి ఇద్దరి చీరలూ తడిశాయి. మోటారు చలిజ్వరం వచ్చిన మనిషిలా వణికి, రెండు మూడు తుమ్ములు తుమ్మి ఆగిపోయింది. పొగ పలచబడ్డాక గోడ అవతల పక్కింటి రామవ్వ తల కనిపించింది.

"ఆశీర్వాదమన్న మల్ల వచ్చిండా ఏంది అనుకున్న ప్రేమమ్మా. ఆరేసిన బట్టలకు మల్ల గదే వాసన."

"ఆయన రాలే. చెల్లెను తోలిండు" అంది ప్రేమమ్మ.

క్యాథరిన్‌కు ఇంజన్ల గురించి ఏమీ తెలియదు. ఆ సంగతి ఆమె దాచలేదు కూడా. అయితే రోగుల మధ్య బతుకంతా గడిపిన మనిషి కాబట్టి ఒక పట్టుదల ఉంది. "ఒకసారికి ఒక్కటే మార్చాలె వదినె. రెండు మందులు ఒక్కపారి ఇస్తె, ఏది పనిచేసిందో ఇచ్చినోనికే ఎరుక ఉండది" అని ముందే చెప్పింది. ప్రేమమ్మకు మాత్రం అన్నీ ఒకేసారి విప్పి కడిగేయాలని ఉంది. ఇల్లు దులిపేటప్పుడు ఆమె పద్ధతి అదే.

మొదట టాంకీ మూత తీసి వాసన చూశారు. రెండేళ్ల నాటి పెట్రోలు, వార్నీషులా ఘాటుగా ఉంది. దాన్ని వంచేసి కొత్త పెట్రోలు తెచ్చారు. ఇది పెట్రోలులోనే నూనె కలిపి పోసే రకం ఇంజన్. ఆ నూనె కలపడం తనకు తెలుసని ప్రేమమ్మ ముందుకు వచ్చింది. ఆయన వాడిన స్టీలు గ్లాసు రేకుల కింద మేకుకే వేలాడుతోంది. దానితోనే కొలిచి కలిపింది. ఈసారి మోటారు కొంచెం తొందరగా లేచింది గాని వణుకు తగ్గలేదు.

బస్టాండు దగ్గర స్కూటర్లు బాగుచేసే తిరుమలను క్యాథరిన్ వెళ్లి అడిగి వచ్చింది. పడవ మోటారును తానెప్పుడూ విప్పలేదని, అయినా ఇంజన్ ఇంజనే గదా అని అతను ఒక ఉపాయం చెప్పాడు. దానికి రెండు ప్లగ్గులుంటాయి. నడుస్తుండగా ఒకదాని టోపీ పీకి చూడాలి, మళ్లీ పెట్టి రెండోది పీకాలి. ఏది పీకితే తేడా రాదో, ఆ పక్కన పని జరగడం లేదన్నమాట. పొడి గుడ్డతో పట్టుకోమని కూడా అతను చెప్పాడు. ఆ చివరి మాట క్యాథరిన్ ఇంట్లో చెప్పేలోపే ప్రేమమ్మ తడి చేత్తో పట్టుకుంది.

ఆమె వెనక్కి ఎగిరి మెట్టు మీద కూలబడింది. క్యాథరిన్ పరుగెత్తుకొచ్చి నాడి చూసింది.

"ఏం గాలే ఊకో" అంది ప్రేమమ్మ చెయ్యి విదిలించుకుంటూ. "గిన్నేండ్ల కాపురంల మీ అన్న నన్నొక్క దెబ్బ కొట్టలే. ఆయన మోటర్ కొట్టింది."

పొడి గుడ్డతో మళ్లీ చూశారు. పై టోపీ పీకితే మోటారు వెంటనే ఆగింది. కింది టోపీ పీకితే దానికి పట్టింపే లేదు. అంటే ఇద్దరు చేయాల్సిన పని ఒక్కడే చేస్తున్నాడు, రెండోవాడు పడుకున్నాడు. తిరుమల చెప్పినట్టే పైచక్రంలో ఉన్న చిన్న కిటికీలోంచి చూస్తే, నిప్పు పుట్టించే పాయింట్ల మధ్య మసి పేరుకుని ఉంది. ఇంట్లో పడి ఉన్న శుభలేఖల్లోంచి గట్టి అట్టను సన్నగా కత్తిరించి, ఆ సందులో దూర్చి లాగారు. అట్ట నల్లగా వచ్చింది. తెల్లగా వచ్చేదాకా లాగారు.

"ఎవరి లగ్గం పత్రికనే అది?" అంది ప్రేమమ్మ.

"ఎవలదైతేంది. ఈ లగ్గంల పనికొచ్చింది."

ఈసారి మోటారు రెండు కాళ్ల మీద నిలబడ్డట్టు గట్టిగా లేచింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతలోనే గొంతు పూడుకుపోయి, మళ్లీ పొగ, మళ్లీ తుమ్ములు. ప్లగ్గులు విప్పితే రెండూ కాటుక పెట్టినట్టు నల్లగా, నూనెతో తడిసి ఉన్నాయి. పాత పళ్లబ్రష్షుతో తోమి పెడితే కొంతసేపు నడిచింది. మళ్లీ కాటుకే. అలా తోమడం, నడవడం, ఆగడం రోజుల తరబడి సాగింది. రామవ్వ తన బట్టలు ఇంటి ముందు ఆరేసుకోవడం మొదలుపెట్టింది. చర్చిలో కనిపించినప్పుడు పాస్టరు గారు, "తొందరేమీ లేదమ్మా, వచ్చే యేడైనా ఇవ్వొచ్చు" అన్నాడు ఆశగా.

ఒక మధ్యాహ్నం ప్రేమమ్మ పెట్రోలు సీసాలో నూనె కలుపుతుంటే క్యాథరిన్ ఊరికే చూస్తూ నిలబడింది. ప్రేమమ్మ గ్లాసు నిండా నూనె పోసి సీసాలోకి ఒంపింది. డబ్బా మూత పెట్టబోయి, ఏదో మరిచినదానిలా మళ్లీ వంచి, ఇంకొంచెం పోసింది.

"గదేంది?"

"నూనె."

"గది కనపడుతాంది. రెండోపారి ఎందుకు పోసినవ్?"

"మీ అన్న గట్లనే పోసేటోడు. గ్లాసు నిండ, మీదికెల్లి ఇంకింత."

"ఆ మీదికెల్లి ఎందుకు?"

ఎందుకని ప్రేమమ్మ ఎన్నడూ ఆయనను అడగలేదు. "ముసలిది పాపం, అనేటోడు. గనిల పంపులకు నూనె సాలక మొత్తుకుంటుంటె ఆయన పానం ఒప్పకపోయేది. ఇంటికాడ దీనికన్న కడుపునిండ పోస్త అనేటోడు."

క్యాథరిన్ మెట్టు మీద కూర్చుంది. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"వదినె, అన్న చాయ్‌ల చక్కెర ఎట్లేస్తుండె?"

"చెంచ నిండ, మీదికెల్లి ఇంకి..." అంటూనే ప్రేమమ్మ ఆగిపోయింది.

ఇద్దరూ గ్లాసు పట్టుకుని ఆటోలో తిరుమల దగ్గరికి పోయారు. గ్లాసునూ సీసానూ మార్చి మార్చి చూసి అతను తల గోక్కున్నాడు.

"అమ్మా, గది మోటరా, మిర్చి బజ్జీల కడాయా?"

లీటరుకు ఎంత నూనె సరిపోతుందో అతను చిన్న మూతతో కొలిచి చూపించాడు. పాత ఇంజన్ గనుక దానికి రెట్టింపు వేయమన్నాడు. ఆ రెట్టింపు కూడా గ్లాసు అడుగున వేలు మందం లేదు. ఇన్నేళ్లుగా ఆ మోటారు పెట్రోలు తాగింది తక్కువ, నూనె మింగింది ఎక్కువ. అది మండక ప్లగ్గులకు పట్టేది, పట్టి ఆర్పేది. జబ్బు చేసిందనుకుని ఆయన ఇంకాస్త నూనె పోసేవాడు.

తిరిగి వచ్చేటప్పుడు ప్రేమమ్మ గ్లాసును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆటో రైలు గేటు దగ్గర ఆగినప్పుడు, "నన్ను గూడ గట్లనే చూసుకున్నడు" అంది. "ఎన్నడు నన్ను చాయ్ పెట్టనియ్యలే, ఆయనే పెట్టేటోడు. గందుకే నాకు షుగరొచ్చింది."

క్యాథరిన్ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆటో అతను వెనక్కి తిరిగి చూశాడు.

నూనె కొలత మారాక ఇంకొక మెలిక మిగిలింది. కొత్త ప్లగ్గులు వేసినా మోటారు ఆకలి మీద ఉన్నట్టు పెట్రోలు గటగటా తాగి ఉక్కిరిబిక్కిరి అవుతోంది. నూనె జిడ్డులో మంట నిలవడం లేదని ఆశీర్వాదం పెట్రోలు వదిలే మరను కూడా బాగా తెరిచి పెట్టుకున్నట్టుంది. క్యాథరిన్ మోటారు మీద ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో ఆ మరను కొంచెం కొంచెంగా బిగిస్తూ పోయింది. మరీ బిగిస్తే ఆయాసపడింది. కొంచెం వదిలితే కుదుటపడింది. అక్కడ ఆపేసింది.

వణుకు లేదు. పొగ ఉందా అంటే ఉంది, అగరొత్తి పొగంత. సన్నగా, ఒకే తీరుగా, కుట్టుమిషన్ తొక్కినట్టు చప్పుడు. పరీక్షకని గ్లాసెడు పెట్రోలే పోశారు కాబట్టి అది అయిపోయేదాకా నడిచి ఆగింది.

"ఇగ దేవునికియ్యొచ్చు" అంది క్యాథరిన్, గెలిచినట్టు.

ప్రేమమ్మ పొయ్యి మీద అన్నం ఉందని లోపలికి పోయింది. అన్నం అప్పటికే దించి ఉంది. ఆమె వంటింట్లో గోడకానుకుని నిలబడింది. రేకుల కింద ఇన్నేళ్లు వినపడిన ఆ దగ్గూ ఆ తుమ్ములే ఆమెకు ఆయన మోటారు. ఇప్పుడు వినపడిన చప్పుడు ఎవరిదో పరాయి మోటారుది. ఆయన ఒక్కనాడూ దీన్ని వినలేదు. శనివారం పొద్దున ఇది వినిపించాలని ఎంత తాపత్రయపడేవాడో తలచుకుంటే, తాను అన్న వెక్కిరింపు మాటలన్నీ వరుసగా గుర్తొచ్చాయి. ఒక్కటీ వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు, ఎందుకంటే ప్రతిదానికీ ఆయన నవ్వాడు.

క్యాథరిన్ గడప దాకా వచ్చి ఆమెను చూసింది. పక్కనే నిలబడి మెల్లగా అంది. "డ్రమ్ముల నడుసుడు వేరు వదినె, మనుషులను మోసుకపోవుడు వేరు. నీళ్లల చూడకుంట ఎట్లిస్తం? రాములుకు ఫోన్ చెయ్యి."

శనివారం ఎండ ముదరకముందే రేవుకు చేరారు. రాములు అరవై దాటిన మనిషి, ఎండకు నల్లబడి, తెల్లటి మీసాలతో ఉంటాడు. మోటారును పడవకు బిగిస్తూ, పాత నేస్తాన్ని చూసినట్టు దాని నీలం మూతను తట్టాడు. ఒక్క గుంజుకే అది లేచేసరికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వదినె, గిది ఆశీర్వాదమన్న మోటరేనా, మార్చుకొచ్చినవా?"

"మందు తగ్గించినం రాములన్నా, గంతే" అంది ప్రేమమ్మ.

పడవ రేవు వదిలి సాగింది. ప్రేమమ్మ ముందు కూర్చుంది. క్యాథరిన్ మధ్యలో కూర్చుని రెండు అంచులూ పట్టుకుంది. ఆమెకు ఈత రాదు, ఆ సంగతి పడవ ఎక్కాకనే చెప్పింది. గాలి మొహానికి కొడుతుంటే ప్రేమమ్మ కొంగు తలకు చుట్టుకుంది. వలలకు కట్టిన తెల్ల బెండ్లు పక్క నుంచి వెనక్కి పోతున్నాయి. కొంతదూరం పోయాక నీళ్ల మధ్యలో మునిగిన చింతచెట్టు పైకొమ్మలు కనిపించాయి. ఆకు లేదు. కొమ్మకొమ్మకూ కొంగలు. నీళ్ల నడుమ చెట్టుకు కొంగలు కాశాయని ఆశీర్వాదం ఎప్పుడో చెప్తే, "తెడ్లేసి తెడ్లేసి కండ్లు తిరిగినట్టున్నయి" అని ఆమె నమ్మలేదు. ఇప్పుడు ఆ చెట్టు వెనక్కి పోయేదాకా తల తిప్పి చూసింది.

"ఇగ చాలు, వెనక్కి పోదాం" అంది క్యాథరిన్.

రాములు పడవను తిప్పాడు. రేవు దగ్గర పడుతుండగా మోటారు మీది ఎర్ర బొత్తాం నొక్కాడు. మోటారు నడుస్తూనే ఉంది. మళ్లీ నొక్కాడు. బొత్తాన్ని బొటనవేలితో అదిమిపట్టాడు. మోటారు తన పాట తాను పాడుకుంటూనే ఉంది. ముందు బండరాళ్లు కనబడగానే అతను పడవను చటుక్కున పక్కకు తిప్పి మళ్లీ లోపలికి పట్టాడు.

"ఏమైంది?" అంది క్యాథరిన్.

"ఆగుతలేదు సిస్టరమ్మా."

"ఆగకపోవుడేంది? ఎప్పుడెట్ల ఆపేటోళ్లు?"

రాములు నిజాయితీగా ఆలోచించాడు. "మేమెన్నడు ఆపలే. అదే ఆగేది. ఆగొద్దు ఆగొద్దని మేం దండం పెట్టుకునేటోళ్లం."

ఆ బొత్తాం తీగ ఎప్పుడు తెగిందో దేవుడికే తెలియాలి. పెట్రోలు కట్టేసే కుళాయి ఉంది గాని, దాని మీదా ఆశీర్వాదం నీలం రంగు పూశాడు. అది పెచ్చుకట్టి బిగుసుకుపోయింది. పట్టుకారు ఒడ్డున ఉంది. వేగం తగ్గించి చూశారు. దీనికి గేర్లు లేవు, నడిచినంతసేపూ పడవ పోవాల్సిందే.

"పెట్రోల్ ఎంత పోసినవ్?" అంది క్యాథరిన్.

"మంచిగైందని చెప్తిరి గదా అని నిండ పోసిన."

"కాగజ్‌నగర్ల సుఖంగుండేదాన్ని" అంది క్యాథరిన్ ఎవరితోనో అన్నట్టు. "ఏ టీకాలో ఏసుకుంట కూసున్న బాగుండు."

పడవ నీళ్ల మధ్య పెద్దగా చుట్లు తిరుగుతోంది. ఒడ్డున బట్టలుతికే ఇద్దరు ఆడవాళ్లు పని ఆపి చూస్తున్నారు. ప్రేమమ్మ నవ్వుతోంది. మొదట నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, తరవాత అదీ వదిలేసింది. క్యాథరిన్‌కు కోపం వచ్చింది.

"మునిగి సచ్చుడు నాకు ఇష్టం లేదు వదినె. జర ఏదన్న ఉపాయం సోంచాయించు."

"సోంచాయిస్తనే ఉన్న. రాములన్నా, ఊకె చుట్లెందుకు, అవతలి ఒడ్డుకు పట్టు. అక్కడ రాళ్లు లేవంట గదా."

"ఎవలు చెప్పిండ్రు?" అన్నాడు రాములు.

"మీ అన్న చెప్పేటోడు" అంది ప్రేమమ్మ రాములును చూసి కాదు, క్యాథరిన్‌ను చూసి.

రాములు నిజమేనని తలూపాడు. పడవ అవతలి ఒడ్డుకేసి సాగింది. ఆ ఒడ్డు కరీంనగర్ వైపుది. జిల్లాలు ఎన్ని ముక్కలైనా ఈ వయసు వాళ్లకు అది ఇంకా కరీంనగరే, ఇది ఆదిలాబాదే. మెత్తటి ఇసుక ఒడ్డు, పైన మక్కచేన్లు. ఒడ్డు దగ్గర పడుతుండగా ప్రేమమ్మ అంచులు పట్టుకుంటూ, క్యాథరిన్ భుజం మీదుగా వెనక్కి వచ్చింది. ఇన్ని రోజులు పెరట్లో తాను పట్టుకున్న పిడి ఎక్కడుందో ఆమె చేతికి తెలుసు. చోక్‌ను పూర్తిగా బయటికి లాగి పట్టుకుంది.

మోటారు ఒక్క గుక్క పెట్రోలు ఎక్కువ మింగింది. గొంతు పూడుకుంది. నల్లటి పొగ వదిలి, వణికి, రెండు తుమ్ములు తుమ్మి ఆగిపోయింది. ఇన్ని రోజులు కష్టపడి కుదిర్చిన జబ్బును ప్రేమమ్మ ఒక్క చేత్తో మళ్లీ తెప్పించింది.

అంతటా నిశ్శబ్దం. పడవ తన ఊపు మీదే జారి ఇసుకలో ముక్కు ఆనించింది.

"అగో" అంది క్యాథరిన్, ఊపిరి పీల్చుకుని. "ఇప్పుడు గుర్తువడుతాంది, అన్న మోటరేనని."

ముగ్గురూ దిగి ఇసుకలో కూర్చున్నారు. రాములు బీడీ ముట్టించి కొంచెం దూరంగా పోయాడు. ప్రేమమ్మ తడిసిన చీర అంచు పిండుకుంటూ నీళ్ల వైపు చూసింది. తమ రేవు అవతల సన్నటి గీతలా ఉంది.

"పాస్టరు గారికి బియ్యం మూట ఇస్త" అంది.

"మోటర్ మాట?"

"రాములన్న పడవకు ఉండనీ. బియ్యానికైతె తాడు గుంజే పని లేదు. పాస్టరు గారు గూడ సంబరపడుతడు."

"నేను పండుగైనంక పోదామనుకున్న. ఇంకొన్ని రోజులుంట" అంది క్యాథరిన్. "ఆ బొత్తం తీగ ఎవలన్న అతకాలె గదా."

మక్కచేని గట్టు మీద నుంచి ఒక ముసలావిడ దిగివచ్చింది. చంకలో కోడి ఉంది. పేరు లస్మవ్వ అని, తన బిడ్డ అవతల రేవు ఊళ్లోనే ఉంటుందని, ఆమె బాలింతరాలని అడగకుండానే చెప్పింది. బస్సులో పోతే వంతెన దాకా పోయి చుట్టూ తిరిగి రావాలట.

"ఆదిలాబాదోళ్లేనా బిడ్డా మీరు? నన్ను అవతలికి దించుతరా?"

"ఎక్కు అవ్వా" అంది ప్రేమమ్మ.

రాములు బీడీ పారేసి లేచి వచ్చాడు. అలవాటుగా వెనక్కి పోబోయి, ప్రేమమ్మ అప్పటికే అక్కడ కూర్చుని మోటారు పిడి పట్టుకుని ఉండటం చూసి, నవ్వి ముందుకు పోయి కూర్చున్నాడు. ఎటు తిప్పితే పడవ ఎటు పోతుందో చేత్తో చూపించాడు. క్యాథరిన్ తాడు గుంజింది. నీళ్లు చీలాయి.

లస్మవ్వ కోడి తలను కొంగులో దాచుకుంది. ఒడ్డు దూరమవుతుంటే మోటారునూ దాన్ని పట్టుకున్న మనిషినీ అనుమానంగా చూసింది.

"గింత జోరుగ పోతాంది, అటుపోయినంక ఆగుతదా బిడ్డా?"

"ఆగుతదవ్వా. జర సతాయించి ఆగుతది."

"అయితె నిమ్మలంగనే పోనీ" అంది లస్మవ్వ. "నాకేం తొందర లేదు."

ప్రేమమ్మకూ లేదు. పిడిని కొంచెం పక్కకు నొక్కి, పడవను కొంగల చెట్టు వైపు తిప్పింది.